లిల్లీకి బేరం రాదు

కొత్త బియ్యం మూట కుట్టు విప్పగానే నేను ముందు ఒక పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. చూసినవాళ్ళు ఈవిడకు పాత రోజులేవో గుర్తుకొస్తున్నాయి పాపం అనుకుంటారు. నిజానికి అది నిరుటి బియ్యమో నిన్నటి బియ్యమో తేల్చి, కొట్టాయన చెప్పిన మాటలో ఎన్ని రాళ్ళున్నాయో ఆయనకే ఏరి చూపించి, ధర దించడానికి ఆ పని చేస్తాను. పాత రోజులు తరవాత వస్తాయి, బేరం తెగాక చేతిలో పడే కొసరులాగా. గోనెపట్టా, ఎండిన వేపాకు, కాస్త తవుడు కలిసిన ఆ వాసన వెంట మా అవ్వ వంటిల్లు వస్తుంది, ఆ వంటింటి గూట్లో మూత వదులైన బిస్కెట్ల డబ్బా వస్తుంది, ఆ డబ్బాలోకి బియ్యం జారిన చప్పుడు వస్తుంది.

మాది కోయంబత్తూరులో పీలమేడు. ఇప్పుడక్కడ కాలేజీలూ కంప్యూటరు ఆఫీసులూ తప్ప ఇంకేమీ ఎప్పుడూ లేనట్టుంటుంది గానీ, నా చిన్నతనంలో మిల్లు సైరను కూస్తే వీధి వీధంతా పొయ్యిల మీద ఉన్నవి దింపుకునేది. ఆ వీధి మలుపులో మా అవ్వ పాత్రల అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనెతెర. తెరకు అటువైపు తమిళం, ఇటువైపు తెలుగు. మా పూర్వీకులు ఏ కాలంలో ఏ ఊరి నుంచి ఇంత దూరం నడిచి వచ్చారో మాలో ఎవరికీ తెలియదు. వచ్చేటప్పుడు తెలుగును మాత్రం మూటకట్టుకుని వచ్చారు, ఇక్కడికొచ్చాక అందులో సగం తమిళం కలిపేసుకున్నారు, పాలలో నీళ్ళు కలిపినట్టు. బళ్ళో మాకు తెలుగు లేదు. ఇంట్లో తెలుగు అచ్చులో ఉన్నది అవ్వ బైబిలు ఒక్కటే. దానిమీదే వేలు పెట్టించి, తప్పు చదివితే ఆ వేలినే పట్టుకుని నొక్కి, అవ్వ నాకు అక్షరాలు నేర్పింది. ఇప్పుడీ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ వేలి నొప్పి వల్లే.

బిస్కెట్ల డబ్బా సంగతి చెప్పాలి. మా చర్చిలో ఆడవాళ్ళకు ఒక అలవాటుండేది. పూటకు వంటకని బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వెయ్యాలి. దూరదేశాల్లో దేవుని పని చేసేవాళ్ళ కోసం అది. ఆదివారం ఆ డబ్బాలన్నీ చర్చికి చేరతాయి. పొన్ని బియ్యం, ఇడ్లీ బియ్యం, రేషను బియ్యం అన్నీ ఒకే గోనెలో కలిసి రంగురంగులుగా తయారై, ఆరాధన అయ్యాక చెట్టుకింద అమ్ముడయ్యేవి. ఆ బియ్యం వండితే ఒక మెతుకు మెత్తగా, పక్క మెతుకు గట్టిగా ఉండేది. మా ఉపదేశిగారు దాన్ని సంఘ ఐక్యతకు గుర్తు అనేవారు. అవ్వ దాన్ని చెడిపోయిన అన్నం అనేది.

పిడికెడు అన్నారు గానీ ఎవరి పిడికిలో చెప్పలేదు గదా. ఆ సందును మా అవ్వ మొదటి రోజే కనిపెట్టింది. కుండలో వేసే బియ్యం తన చేత్తో కొలిచేది. దేవుని డబ్బాలో వెయ్యడానికి నన్ను పిలిచేది. నాకప్పుడు మూడేళ్ళుంటాయేమో, నా పిడికిట్లో గట్టిగా రెండు పిచ్చుకల మేత పట్టేది. ఉపదేశిగారికి అనుమానం వచ్చి అడిగితే, "పసిబిడ్డ చేత్తో ఇస్తే దేవునికి ఇష్టం, మీరే చెప్పినారు గదా అయ్యా" అని ఆయన ప్రసంగమే ఆయనకు తిప్పి అమ్మింది. మా అవ్వ మొదట్లో నెత్తిన గంపతో మిల్లు పనివాళ్ళ లైనిళ్ళ వెంట తిరిగి, పాత చీరలు పుచ్చుకుని అల్యూమినియం గిన్నెలు ఇచ్చిన మనిషి. చిరుగు ఎక్కడుందో చీర విప్పకుండానే చెప్పగలదు. అలాంటి మనిషితో దేవుడైనా కొంచెం ముందుచూపుతోనే ఒప్పందం రాసుకోవాలి.

మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలకన్నా ముందు బేరం నేర్పేవాళ్ళు. కావలసిన వస్తువు వైపు చూడకూడదు, దాని పక్కదాన్ని చూడాలి. ధర వినగానే ఎవరో పోయారన్న వార్త విన్నట్టు మొహం పెట్టాలి. అన్నిటికన్నా పెద్ద విద్య నడక. "వద్దులే" అని చెప్పి, వెనక్కి తిరిగి, చెప్పులు కాస్త ఈడుస్తూ, తొందరా లేకుండా ఆలస్యమూ లేకుండా వెళ్ళిపోవాలి. పిలుస్తారు. పిలవకపోతే మాత్రం తిరిగి చూడకూడదు. ఒకసారి నడిచి వెళ్ళినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తిరిగొచ్చారంటే, అడిగినంతా ఇచ్చుకోవాలి, పైగా వీధి నవ్వుతుంది. మా అవ్వ జీవితంలో ఒక్కసారి కూడా తిరిగి వెళ్ళలేదు. మా అమ్మ పెళ్ళిచీరకని మదురై వెళ్ళి, నచ్చిన చీర దగ్గర నడక మొదలుపెట్టి, ఆ కొట్టువాడెవడో మహా మొండివాడు పిలవకపోతే, అలాగే బస్సెక్కి ఇంటికొచ్చేసింది. అమ్మ ఇంకో చీరలో పెళ్ళి చేసుకుంది. పెళ్ళిఫోటో చూసినప్పుడల్లా ఆ చీర గురించి ఒక నిట్టూర్పు విడిచేది; పక్కన నిలబడ్డ మా నాన్న అది తన గురించేనని చాలాకాలం బాధపడ్డాడు.

ఇలాంటి ఇంట్లో పుట్టి మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, అడిగిన మొదటి మాటకే ఒప్పుకుని పెళ్ళిచేసుకుంది. మా చిన్నాయన పీలమేడులో ఒక పంపుల వర్క్‌షాపులో మోటార్లు చుట్టేవాడు. కాలిపోయిన మోటారును చెవి దగ్గర పెట్టుకుని దాని కష్టం వినేవాడు. పసిఫిక్ సముద్రంలో పాపువా న్యూ గినియా అనే చోట, ఏటి ఒడ్డున ఉన్న ఒక పల్లె భాషలోకి బైబిలు అనువదిస్తున్నవాళ్ళకు కరెంటు ఇబ్బంది వచ్చిందట. జనరేటరు నడిస్తేనే వాళ్ళ యంత్రాలు నడిచేవి, వానకు జనరేటరు నడిచేది కాదు. చర్చి ద్వారా కబురొచ్చింది. చిన్నాయన వెళతానన్నాడు.

అవ్వకు ఇది ఎంత చెప్పినా తలకెక్కలేదు. దేవుని పుస్తకం రాయడానికి పండితుడు కావాలి గానీ మోటారు మెకానిక్కు ఎందుకని వాదించింది. చిన్నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గూట్లో ఉన్న అవ్వ బైబిలు వైపు చూపించి ఒకటే అన్నాడు:

"అత్తా, నీకు నీ మాటలో ఉండాది. వాళ్ళకి లేదు."

అవ్వ దానికి జవాబు వెతుక్కుంటుండగానే వాళ్ళు విమానం ఎక్కేశారు. చిన్నమ్మ చంకలో లిల్లీ, అప్పటికింకా పాలు తాగే పిల్ల. ఆ మర్నాడు వంటకు బియ్యం కొలుస్తూ అవ్వ నన్ను పిలవలేదు. తన చేత్తోనే, తన పెద్ద పిడికిలి నిండా, వేళ్ళ సందుల్లోంచి గింజలు జారేంత నిండుగా తీసి డబ్బాలో పోసింది. ఆదివారం మా డబ్బా ఎత్తబోయి ఉపదేశిగారు ఒక్క క్షణం ఆగి, మూత తీసి చూసుకున్నారు.

వాళ్ళు మొదటిసారి సెలవు మీద ఊరికొచ్చేసరికి నాకు పదేళ్ళు, లిల్లీకి తొమ్మిది. ఎండకు రాగిరంగు తేలిన జుట్టు, అరిచేతులంత వెడల్పు పాదాలు, నుదుటి మీదుగా తగిలించుకుని వీపున వేలాడే ఒక అల్లికసంచి. చెప్పులు వేసుకోమంటే చేతిలో పట్టుకుని నడిచేది. కానీ నోరు తెరిస్తే మాత్రం అచ్చం మా ఇంటి తెలుగు. అక్కడ వాళ్ళమ్మ తప్ప తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు గనక, వాళ్ళమ్మకు అవ్వ దగ్గర వచ్చిందే ఆ పిల్లకూ వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల అరవై ఏళ్ళ ముసలమ్మలా "ఏంటికి మే అంత కూత కూస్తాండావు" అంటే వీధిలో పిల్లలందరూ హడలిపోయేవాళ్ళు.

అవ్వ లిల్లీని తమిళపు ముద్దుతో కన్ను అని పిలిచేది, కంటిపాప అన్నట్టు. ఆ ఆనందానికి వంటిల్లే సాక్ష్యం. పొద్దున గుంటల పెనం మీద కుళిపణియారాలు, నాలుగింటికి మురుకులు, వాన పడితే పచ్చిమిరపకాయ బజ్జీలు, క్రిస్మస్‌కు రెండు నెలల ముందే అరిసెల్లాంటి అతిరసాలు. బెల్లం పాకం వాసనకు అంగడిలో కొనుగోలుదార్లు బేరం మరిచి తెరవైపు చూస్తుంటే, అవ్వ ఆ అదనులో ధర ఖాయం చేసేది. లిల్లీ పెట్టినవన్నీ తిని, అక్కడ తాము తినే చిలగడదుంపలు బొగ్గుల్లో కాలిస్తే దీనికన్నా బాగుంటాయని పెద్దగా చెప్పేది. ఇంకొకరెవరన్నా ఆ మాట అనుంటే అవ్వ గరిటె విసిరేది. లిల్లీ అంటే, మర్నాడు చిలగడదుంపలు కాల్చి పెట్టింది.

ఆవాల గొడవ కూడా ఆ రోజుల్లోనే బయటపడింది. అక్కడ అనువాదకులు ఆవగింజ కథ దగ్గరికొచ్చి చిక్కుపడ్డారట. ఆ పల్లెలో ఎవరూ ఆవగింజ చూడలేదు. చిన్నమ్మ పోపులపెట్టెలోంచి చిటికెడు ఆవాలు తీసి అందరి అరచేతుల్లో పెట్టింది. ఇంత చిన్నదా అని వాళ్ళు ఆశ్చర్యపోయి, కథ బాగా అర్థమై, ఆ గింజల్ని పారెయ్యకుండా నాటారు. కథలో అది చెట్టయి పిట్టలు వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి గదా. నెలల తరబడి చూశారు. నడుమంత ఎత్తు పెరిగి, పసుపుపచ్చగా నాలుగు పువ్వులు పూసి, ఎండిపోయింది. పెద్దమనుషులు కూడి వచ్చి చిన్నమ్మను అడిగారట, ఈ గింజలు నీకు అమ్మిందెవరు అని.

ఇది విని చర్చిలో అందరూ నవ్వారు, అవ్వ నవ్వలేదు. అంగడిదాని పరువు సముద్రం అవతల పోయింది. ఆ ఆవాలు తాను బేరమాడి కొని సర్ది పంపినవి. నేరుగా పక్కవీధి మసాలా కొట్టుకు వెళ్ళి, చెట్టు కాని ఆవాలు అంటగట్టావని కొట్టాయన్ని నిలదీసింది.

"అమ్మా, నేను రసానికి అమ్మినాను, పిట్టలకి అమ్మలేదు" అన్నాడాయన.

ఆ సెలవులో చిన్నాయన వాళ్ళు చర్చి చర్చికీ తిరిగి అక్కడి పని గురించి చెప్పాలి. ఆదివారాలూ సెలవురోజులూ వాళ్ళతోపాటు నన్నూ పంపేవాళ్ళు, లిల్లీకి తోడని. కంబంలో ద్రాక్షతోటల మధ్య రేకుల చర్చి, మదురైలో సందు చివర మేడమీది చర్చి, ఎక్కడికెళ్ళినా అదే స్లైడుబొమ్మల పెట్టె, అదే దుప్పటి తెర, అదే చోట తలకిందులుగా వచ్చే అదే పడవ. చిన్నాయన ముగించాక, లిల్లీని బల్లమీద నిలబెట్టి ఆ పల్లె భాషలో ఏదైనా చెప్పమనేవాళ్ళు. లిల్లీ చేతులు కట్టుకుని గడగడా చెప్పేది. జనం కళ్ళు తుడుచుకుని స్తోత్రం అనేవాళ్ళు. కంబంలో ఒక పెద్దావిడ ఉండబట్టలేక బుట్టెడు ద్రాక్షపళ్ళు తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. ఏం చెప్పావే అని బస్సులో నేను అడిగితే లిల్లీ ద్రాక్ష నములుతూ, "కాళ్ళు నొస్తాండాయి, అన్నము ఎప్పుడు పెడతారు అని చెప్పినాను" అంది. అయితే అబద్ధం మాత్రం చెప్పలేదు. ఎవరైనా అర్థమడిగి ఉంటే అదే చెప్పేది. ఎవరూ అడగలేదు.

లిల్లీకి బేరం రాదని మదురైలో తెలిసింది. సందులో గాజులబండి దగ్గర నాకు ఎర్రగాజులు కావాలి గనక నేను పచ్చగాజుల్ని తిరగేస్తూ నిలబడ్డాను. లిల్లీ వచ్చి నీలంగాజులు చేత్తో పట్టుకుని, ఇవి నాకు బాగా నచ్చినాయి, ఎంత అని అడిగి, అతను చెప్పినంతా ఇచ్చేసింది. నాకు కళ్ళు తిరిగాయి. గాజులవాడికి నాకన్నా ఎక్కువ తిరిగాయి. మొదటి మాటకే ఎవరైనా ఒప్పుకుంటే అమ్మినవాడికి అన్నం సయించదు. ఇంకా ఎక్కువ చెప్పాల్సిందనో, పాపం చేశాననో తెలియక కొట్టుకుంటాడు. ఇతను మంచివాడు కాబోలు, కొంచెంసేపు కొట్టుకుని, ఇంకో రెండు గాజులు పిల్ల చేతికి తొడిగి పంపాడు. నేను మెడలు నొప్పిపుట్టేలా బేరమాడి సాధించింది అంతకన్నా తక్కువే. బస్సు ఎక్కేదాకా లిల్లీతో మాట్లాడలేదు.

వాళ్ళ పల్లె సంతలో ఆడవాళ్ళు అరిటాకుల మీద దుంపలు కుప్పలు పోసుకుని కూర్చుంటారట. కుప్పకింత. ఇచ్చి తీసుకోవడమే. తగ్గించమని అడిగితే, ఆ మనిషి చెమటను తక్కువ చేసినట్టు. ఎవరూ అడగరు. కావాలంటే కావాలంటారు, వద్దంటే వద్దు. నేను లిల్లీకి నడక నేర్పించాలని మా మేడమీద ఎండబెట్టిన వడియాల మధ్య ఒక రోజంతా కష్టపడ్డాను. వద్దులే అని చెప్పి నడిచేది, నేను పిలిచేదాన్ని, "వొద్దని చెప్పినాను గదా, ఏంటికి పిలుస్తావు?" అని విసుక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయేది.

సెలవు సగం గడిచేసరికి అవ్వ మనసులో ఉన్నది మా అందరికీ తెలిసిపోయింది. లిల్లీని ఇక్కడ ఉంచేసుకోవాలి. అక్కడ ఆ పిల్ల వంటింటి బల్లమీద చిన్నమ్మ దగ్గర చదువుకుంటోంది. బడి అనేది ఉంటే విమానంలో వెళ్ళాలి. ఇక్కడ బడి మా వీధి చివరే. అవ్వ అప్పటికే లిల్లీకి మా బడి యూనిఫారం గుడ్డ కొనేసింది, కొని, ఇంట్లో ఎవరికీ కనబడకుండా ఇడ్లీపాత్రలో పెట్టి మూతపెట్టింది. అంగడిలో ఎవరో ఆ ఇడ్లీపాత్రే కావాలని పట్టుబడితే అది అమ్మకానికి కాదని కసిరింది. నాకూ లిల్లీ కావాలి. నా మంచంలో సగం, నా అచ్చనగాయల్లో మంచివన్నీ, అమ్మ నాకు అప్పజెప్పే అంట్లలో సగం, అన్నీ తనకిచ్చేద్దామని నేను నిర్ణయించుకున్నాను.

ప్రయాణం ఇంకొన్నాళ్ళలో ఉందనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అవ్వ తాంబూలం చుట్టుకుంటూ బేరం మొదలుపెట్టింది. పద్ధతిగా, మొదట ఎవరూ ఇవ్వలేనంత అడిగింది.

"ముగ్గురూ ఇక్కణ్ణే ఉండిపోండి. మోటార్లు ఈ ఊర్లో కూడా చెడిపోతాండాయి."

"అయ్యేది కాదు అత్తా" అన్నాడు చిన్నాయన.

"సరి, నువ్వు పో. ఆడోళ్ళిద్దర్నీ విడిచిపెట్టు."

"అమ్మా, ఈయనకి నీళ్ళు కాచుకునేది కూడా తెల్దు" అంది చిన్నమ్మ.

అప్పుడు అవ్వ, మొదటినుంచీ కావలసినదాన్ని చివరికి మిగిలిన చిల్లరలాగా తీసి బల్లమీద పెట్టింది. "అట్లయితే బిడ్డనన్నా పెట్టి పోండి. బడి ఉండాది. తోడు ఇది ఉండాది." ఇది అంటే నేను.

చిన్నమ్మ పళ్ళెం అంచును వేలితో రాస్తూ కూర్చుంది. ఆ మౌనం నాకు తెలుసు. మా అంగడిలో పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. గిన్నెను ఇంటికి తీసుకుపోవాలని లోపల నిర్ణయమైపోయి, పైకి ఒప్పుకోవడానికి ఒక సాకు కోసం చూసే మనిషి మౌనం అది. ఆవిడకు మాత్రం బిడ్డ చదువు మీద బెంగ ఉండదా. ఇంకొక్క తోపు తోస్తే పడిపోతుంది. అవ్వకు అది నాకన్నా బాగా తెలుసు. తాంబూలం నోట్లో పెట్టుకుని లేచింది.

"వొద్దులే. తీసుకోనే పోండి. నాకేంటికి ఇంకొక బిడ్డ? ఉన్నదాన్ని మేపేదానికే నా ప్రాణం పోతాండాది."

అని, వెనక్కి తిరిగి, చెప్పులు ఈడుస్తూ గోనెతెర వైపు నడిచింది. అంత అందమైన నడక నేను మళ్ళీ చూడలేదు. చిన్నమ్మ నోరు తెరిచింది. ‘అమ్మా’ అనే పిలుపు పెదాల దాకా వచ్చింది, నేను చూశాను.

ఆ పిలుపుకన్నా ముందే లిల్లీ కుర్చీ తన్నేసి పరిగెత్తింది. "నెజమా అవ్వా? నేను పోవచ్చా?" అని వెనకనుంచి అవ్వ నడుము చుట్టేసి, "మా అవ్వ ఎంత మంచి అవ్వ!" అని వీపుకు ముద్దుపెట్టి, అల్లికసంచి సర్దుకోవడానికి లోపలికి దూసుకెళ్ళింది. ఆ పిల్ల ఇన్నాళ్ళూ పెద్దవాళ్ళ గుసగుసలు విని, తనను ఎక్కడ ఉంచేస్తారోనని బెంగపడుతోందని ఆ క్షణందాకా మాకెవరికీ తోచలేదు. చిన్నమ్మ నోరు మూసుకుంది. అవ్వ తెర దగ్గర అలాగే నిలబడిపోయింది, తాంబూలం నమలడం కూడా ఆపి.

ఆ తరవాతి రోజుల్లో అవ్వ ఇంట్లో ఉన్నట్టే లేదు. నడిచి వచ్చేసింది, ఎవరూ పిలవలేదు. ఇక తిరిగి వెళ్ళడమనేది ఆవిడ శాస్త్రంలో లేదు. గిన్నెల్ని కారణం లేకుండా తోమించింది. నాన్నను రెండుసార్లు తిట్టింది. అమ్మ వెళ్ళి చిన్నమ్మతో మాట్లాడబోతే కళ్ళతోనే ఆపేసింది. నేనే ఆగలేక, మేడమీద వడియాలు తీస్తున్న లిల్లీ దగ్గరికి వెళ్ళాను.

"అవ్వ సుమ్మనే అనింది. నిన్ను పొమ్మనలేదు."

"పొమ్మని చెప్పె గదా. అబద్ధమా?"

"అబద్ధం కాదే. బేరం."

లిల్లీ చేతిలోని వడియాన్ని కింద పెట్టింది. "అవ్వకి నేను కావాలంటే నన్ను అడగొచ్చు గదా" అంది. "నేను ఇక్కణ్ణే ఉండాను గదా."

నేను వెళ్ళి ఆ మాట ఉన్నదున్నట్టు అవ్వకు చెప్పాను. అవ్వ నన్ను అంట్లు తోమమంది.

వాళ్ళు బయలుదేరిన రోజు పొద్దున, తనకు అంగడి ఉందని, విమానాల దగ్గరికి వచ్చి నిలబడే తీరిక లేదని అవ్వ ముందే ప్రకటించింది. టాక్సీ వచ్చింది. మోటారు తీగల చుట్టలు, ఇడ్లీ పళ్ళేలు, మురుకుల గొట్టం, ఊరగాయ జాడీలు ఎక్కాయి. మసాలా కొట్టాయనతో సహా వీధి అంతా వచ్చింది. ఉపదేశిగారు పొడుగ్గా ప్రార్థన చేస్తుంటే టాక్సీ డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టి తీసి, పెట్టి తీసి ఓర్చుకున్నాడు. ప్రార్థన అయ్యాక బండి కదలబోతుండగా గోనెతెర తొలగింది. అవ్వ వచ్చింది. చెప్పులు లేకుండా వచ్చింది, వాటిని ఈడ్చే చప్పుడు లేదు గనక ఎవరూ ముందు గమనించలేదు. టాక్సీ కిటికీలోకి వంగి, వీధి వీధంతా వింటుండగా, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా అడిగింది.

"లిల్లీ కన్ను, నువ్వు నాకు కావాల. ఉంటావా?"

 మా అవ్వ తనకు కావలసినదాని కళ్ళలోకి చూసి, ఇది నాకు కావాలి అనడం అంతకుముందు నేను చూడలేదు. వీధిలో ఎవరూ నవ్వలేదు. లిల్లీ నిజంగానే ఆలోచించింది, మా అందరి మొహాలూ చూసింది, మా ఇల్లు చూసింది.

"లేదు అవ్వా. నాకు మా ఊరికి పోవాల" అంది. తరవాత కొంచెం జరిగి సీటులో చోటుచేసి, "నువ్వు రా" అంది.

"అంగడి ఎవురు చూసేది?" అంది అవ్వ. ఆ సీటు వైపు ఇంకొంచెంసేపు చూసి, "సరి. పో కన్ను" అని తల బయటికి తీసుకుంది. తగ్గించమనలేదు, కొసరడగలేదు.

బండి మలుపు తిరిగాక అవ్వ నేరుగా వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. మిల్లులో పనిచేసే ఒకావిడ వచ్చి కుక్కరు ఎంత అని అడిగింది. అవ్వ ఎటో చూస్తూ, చివరికి ఎంతకు ఇస్తుందో ఆ ధరే మొదట చెప్పేసింది. ఆవిడ ఉలిక్కిపడింది. కుక్కరును తిరగేసింది, వెలుతురుకు పట్టి చూసింది, గోళ్ళతో కొట్టి విన్నది.

"ఏమిమ్మా, చిల్లుండాదా దీంట్లో?"

"లేదు" అంది అవ్వ.

ఆవిడ ఇంకోసారి అవ్వ మొహం చూసి, కుక్కరును మెల్లగా కిందపెట్టి, కొనకుండానే వెళ్ళిపోయింది. మర్నాటికి అవ్వ కోలుకుంది. అదే కుక్కరును ఒక పెళ్ళివారికి ఎక్కువకే అమ్మింది. ఇడ్లీపాత్రలో ఉన్న యూనిఫారం గుడ్డతో నాకు ఆ ఏడు రెండు జతలు కుట్టించారు. పైసా వృథా పోలేదు.

అవ్వ పోయి చాలాకాలమైంది. మిల్లు సైరను అంతకుముందే పోయింది. అంగడి ఇప్పుడు నాది, గోనెతెర స్థానంలో అద్దం తలుపుంది. గిన్నెలు అచ్చువేసిన ధరల చీటీలు అంటించుకుని వస్తున్నాయి. కంప్యూటరు ఆఫీసుల పిల్లలు వచ్చి ఆ చీటీని కూడా చదవకుండా ఫోను చూపించి చెల్లించి పోతారు. కడుపుకోతంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. ఎంత ఎక్కువ చెబుదామా అని నేను పొద్దుటినుంచీ దాచుకున్న విద్య అంతా నోట్లోనే పులిసిపోతుంది. చర్చిలో పిడికెడు బియ్యం ఎవరూ తేవడం లేదు. ఇళ్ళల్లో వంటే ఒక పూట గదా. చర్చి వాకిట్లో ఒక అట్టముక్క మీద చదరపు బొమ్మ అంటించారు, కానుకకు దాన్ని ఫోనుతో పొడిస్తే చాలు.

ఇంట్లో తెలుగు కూడా పలచబడి పలచబడి, నాతోనే ఆగిపోయేలా ఉంది. మా ఆయనకు అర్థమవుతుంది, జవాబు తమిళంలో వస్తుంది. మా అబ్బాయికి అర్థం కూడా కాదు. వాడికి తమిళం, ఇంగ్లీషు. ఈ వీధిలో ఒకప్పుడు తెలుగులో పోట్లాడుకున్న ఇళ్ళన్నీ ఇప్పుడు తమిళంలో రాజీపడి బతుకుతున్నాయి. లిల్లీ ఇక్కడే ఉండిపోయి మా బడికి వచ్చి ఉంటే తనకీ ఇదే జరిగేది. అక్కడ ఏటి ఒడ్డున, చిన్నమ్మ వంటింటి బల్ల దగ్గర, చెడగొట్టడానికి పక్కన తమిళం లేక, మా అవ్వ తెలుగు చెక్కుచెదరకుండా ఉంది. ఆ పల్లె భాషలో పుస్తకం పూర్తయింది. ఒక ప్రతి మాకూ పంపారు. ఇప్పుడు లిల్లీ ఏటికి ఇంకా పైనున్న ఇంకొక భాషవాళ్ళ దగ్గర పనిచేస్తోంది. అనువదించిన ముక్కను ఊళ్ళోవాళ్ళకు చదివి వినిపించి, మీకేం వినబడింది, మళ్ళీ చెప్పండి అని అడగడం తన పని. రాసినవాళ్ళు చెప్పాలనుకున్నది ఒకటి, విన్నవాళ్ళకు అందింది ఒకటి అయితే, ఆ ముక్క మళ్ళీ మొదటికొస్తుంది. తనకు తగిన పనే దొరికింది.

మొన్న ఆదివారం లిల్లీ దగ్గర్నుంచి వీడియో కాల్ వచ్చింది. లిల్లీ కూతురు, తొమ్మిదేళ్ళుంటాయి, తెరలోకి దూరి నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమి పెద్దమ్మా, ఇంత లావైపోయినావు? ఇంట్లో అందురి అన్నమూ నువ్వే తింటాండావా?" అంది. గల్లాపెట్టె దగ్గర అవ్వ కూర్చుని అన్నట్టే ఉంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మా అబ్బాయి పక్కనుంచి, ఆ పిల్ల ఏమంటోందమ్మా అని తమిళంలో అడిగాడు.

పెద్దమ్మ చూడటానికి బాగుంది అంటోంది అని తమిళంలో చెప్పాను. ఇంత దూరం దాటించేటప్పుడు సరుకు ఆమాత్రం తరగదా.

అటువైపు ఆ పిల్ల కళ్ళు చిట్లించింది. దానికి తమిళం ఒక్క ముక్క రాదు. కానీ పుట్టింది మొదలు వాళ్ళింట్లో చూస్తున్న పని అదే గదా.

"నేను చెప్పిందే చెప్పినావా పెద్దమ్మా?" అంది. "వాణ్ణి ఇంగ్లీషులో మళ్ళీ చెప్పమను, వింటాను."